జేడ్‌కు వెలుతురు పెట్టడం: పాత చైనా చెక్కడాలు, నగల ఫోటోగ్రఫీ మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న రెండు ఫోటోలు చూడండి. రెండింటిలోనూ ఉన్నది ఒకే వస్తువు. తెల్ల జేడ్ అనే విలువైన రాయితో చేసిన నడుముపట్టీ కొక్కెం. చైనాలో ఛింగ్ వంశం ఏలిన కాలంలో, అంటే 1644 నుంచి 1912 దాకా, ఇలాంటివి విరివిగా చేశారు. ఒక కొస వెనక్కి వంగి డ్రాగన్ తల అవుతుంది, వీపు మీద ఇంకో చిన్న డ్రాగన్ పాకుతూ ఉంటుంది. ఎడమవైపు ఫోటోలో ఇది అరిగిపోయిన సబ్బు ముక్కలా ఉంది. కుడివైపు ఫోటోలో కనుబొమల గీతలు, మీసాలు, తోక చీలిక అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. కెమెరా, లెన్సు, ఎక్స్‌పోజర్ ఏవీ మారలేదు. లైటును మాత్రం ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరిపారు.

గ్రానైటు విగ్రహాలు ఫోటో తీసే అలవాటున్నవాళ్లు మొదట పక్క నుంచి ఏటవాలుగా లైటు పెడతారు. చెక్కిన గీతలో నీడ పడుతుంది, గీత తేలుతుంది. జేడ్ దగ్గర ఆ పద్ధతి సగమే పనిచేస్తుంది. వెలుతురు జేడ్ పైపొర దగ్గర ఆగదు. లోపలికి దిగి, అన్ని వైపులకూ చెదిరి, కొన్ని మిల్లీమీటర్ల అవతల మళ్లీ బయటికి వస్తుంది. లోతు తక్కువ గీత అయితే, దానిలో పడాల్సిన నీడను లోపలి నుంచి వచ్చే ఈ వెలుతురే నింపేస్తుంది. రాయి ఎంత మేలురకమైతే నష్టం అంత ఎక్కువ. నాసిరకం జేడ్ ఫోటోలో బాగా వచ్చి, మేలిరకం తెల్ల జేడ్ పేలవంగా రావడానికి కారణం ఇదే.

అందుకని జేడ్ మీద గీతను చూపించే పని నీడకు అప్పజెప్పకండి, మెరుపుకు అప్పజెప్పండి. పాలిష్ చేసిన పైపొర మీద ఒక పెద్ద వెలుగుపట్టీ ప్రతిబింబించేలా చేస్తే, గీత వచ్చిన చోట ఆ పట్టీ తెగుతుంది. ఆ తెగిన చోటే మన కంటికి చెక్కడంగా కనిపిస్తుంది. ఈ రోజు చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది: పైపొరను చదవడానికి ఒక లైటు, రాయి లోపలిని చదవడానికి ఇంకో లైటు, రెండూ వేరువేరు ఫ్రేములు.

రాయి గురించి రెండు మాటలు. జేడ్ పేరుతో రెండు వేరువేరు ఖనిజాలున్నాయి. నెఫ్రైట్, జేడైట్. ఇవి రెండూ ఒకటి కావని 1863లో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త అలెక్సిస్ దామూర్ తేల్చాడు. చైనాలో వేల ఏళ్లుగా చెక్కింది నెఫ్రైట్. పశ్చిమ చైనాలో షిన్‌జియాంగ్‌లోని ఖోతాన్ ప్రాంతం నుంచి వచ్చిన తెల్లరాయికి ఇందులో పెద్దపీట. జేడైట్ బర్మా నుంచి వచ్చింది. పెద్ద ఎత్తున రావడం 18వ శతాబ్దంలోనే మొదలైంది. ఫోటో తీసేవాళ్లకు ఈ తేడా ఎందుకంటే, నెఫ్రైట్ మెరుపు మైనం రాసినట్టు మెత్తగా ఉంటుంది, జేడైట్ మెరుపు గాజులా చురుగ్గా ఉంటుంది. రాయిని గుర్తుపట్టడానికి నిపుణులు మొదట చూసే వాటిలో ఆ మెరుపు ఒకటి. ఫోటోలో దాన్ని చంపేస్తే సగం సమాచారం పోయినట్టే.

హైదరాబాద్‌వాళ్లకు జేడ్ కొత్త కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మొఘల్ జేడ్ వస్తువులు చూసే ఉంటారు. చైనా చక్రవర్తి ఛియెన్‌లుంగ్ ఆ హిందుస్థానీ జేడ్ పనిని ఎంతో ఇష్టపడి సేకరించి, దాని మీద పద్యాలు కూడా రాశాడు. ఆ పల్చటి గోడల గిన్నెలకూ ఇప్పుడు చెప్పబోయే లైటింగే పనికొస్తుంది.

ఇక కొక్కెం దగ్గరికి. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, ఎత్తు రెండున్నర. పెద్ద సెన్సారున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 90 లేదా 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, అంటే దగ్గరి నుంచి తీసే లెన్సు, చిన్న సెన్సారున్న ఏపీఎస్-సీ కెమెరాకు 60 సరిపోతుంది. సెన్సారు సున్నితత్వం ఐఎస్ఓ 100, లెన్సు రంధ్రం ఎఫ్/8. కెమెరా ట్రైపాడ్ మీద, కొక్కేన్ని దాదాపు 45 డిగ్రీల వాలు నుంచి చూస్తూ ఉండాలి. కొక్కెం వెనకవైపు, అదే 45 డిగ్రీల కోణంలో, ఒక ఏ3 ట్రేసింగ్ షీటు వేలాడదీయండి. బటర్ పేపరైనా ఫర్వాలేదు, ముడతలు మాత్రం ఉండకూడదు. ముడత ఉంటే అది జేడ్ మీద ప్రతిబింబించి పగులులా కనిపిస్తుంది. షీటుకూ వస్తువుకూ మధ్య 25 నుంచి 30 సెంటీమీటర్లు. షీటు వెనక ఇంకో 40 సెంటీమీటర్ల దూరంలో ఎల్ఈడీ లైటు. ఆ లైటును షీటు మధ్యకు గురిపెట్టకండి, పై అంచుకు తిప్పండి. అప్పుడు షీటు పైన తెల్లగా, కిందికి వచ్చేకొద్దీ మసకగా ఉంటుంది. ఆ క్రమమంతా జేడ్ మీద పడుతుంది. తెలుపు నుంచి మసక దాకా మెల్లగా జారే ఆ మెరుపే మైనపు నిగారింపును చూపిస్తుంది. షీటంతా ఒకే తెలుపైతే రాయి మీద ప్లాస్టిక్ తొడుగు వేసినట్టు ఉంటుంది.

కుడివైపు 10 సెంటీమీటర్ల దూరంలో నల్ల అట్టముక్క నిలబెట్టండి. తెల్ల జేడ్ అంచు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోకుండా అది సన్నటి ముదురు గీత ఇస్తుంది. నీడలోకి వెలుతురు తిప్పడానికి ఎడమవైపు ముందు నుంచి చిన్న థర్మోకోల్ ముక్క, అవసరమైతేనే. బజారులో దొరికే తెల్ల లైట్ టెంటులో పెట్టి తీయడం మాత్రం చెక్కడాలకు పనికిరాదు. అన్ని వైపుల నుంచీ తెలుపే ప్రతిబింబిస్తుంది, మెరుపు తెగడానికి ముదురు భాగం అంటూ ఉండదు, గీతలన్నీ మాయమవుతాయి. పైగా మీ చొక్కా రంగు కూడా జేడ్ మీద పడుతుంది. నలుపో బూడిదో వేసుకోండి.

ఫోకస్ విషయంలో ఆటోను నమ్మొద్దు. అర్ధపారదర్శకమైన రాయిలో అది తడబడుతుంది, లేదా లోపలి మచ్చను పట్టుకుంటుంది. కెమెరా తెర మీద కనిపించే లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, చెక్కిన గీత అంచు మీద చేత్తో ఫోకస్ చేయండి. 10 సెంటీమీటర్ల వస్తువు ఫ్రేము నిండితే ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు మీద పడే బొమ్మ దాదాపు అసలులో మూడో వంతు ఉంటుంది. ఎఫ్/8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 మిల్లీమీటర్లు. మనకు కావలసింది 25. ఎఫ్/22కు వెళ్తే లోతు వస్తుంది కానీ చిన్న రంధ్రం దగ్గర వెలుతురు వంగి చెదరడం వల్ల, అంటే డిఫ్రాక్షన్ వల్ల, సన్నగీతలన్నీ మెత్తబడతాయి. ఎఫ్/8లోనే ఉండి, 3 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున తొమ్మిది పది ఫ్రేములు తీసి కలపడం మేలు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. అదే నగల వెనక ఉండే చిన్న ముద్రలను అసలు సైజులో తీసేటప్పుడు లోతు ఒక మిల్లీమీటరుకు పడిపోతుంది, అక్కడ అర మిల్లీమీటరుకు ఒక ఫ్రేము.

ఇలా ఫ్రేములు కలపడంలో, అంటే స్టాకింగ్‌లో, జేడ్‌కు ప్రత్యేకంగా వచ్చే తంటా ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కువ స్పష్టంగా ఉన్న చోటును ఎంచుకుంటుంది. పైపొర నున్నగా ఉండి, లోపల నల్లమచ్చ ఉంటే, ఆ మచ్చనే ఎంచుకుని పైకి తెస్తుంది. లోపలి మరక పైన అంటుకున్న మురికిలా కనిపిస్తుంది. రిటచ్‌లో ఆ భాగానికి పైపొర ఫోకస్ ఉన్న ఫ్రేమును చేత్తో పూయాలి. రంధ్రాలు చెక్కిన భాగాల అంచుల్లో కూడా తెల్లటి పొర వస్తుంది, దానికీ ఇదే మందు. ఇంకోటి, ఫోకస్ మార్చడానికి వస్తువును జరపకండి. జరిపితే దాని మీది మెరుపు కూడా జరుగుతుంది, పది ఫ్రేముల్లో పది చోట్ల ఉంటుంది.

ఇక రంగు. మామూలు తెల్ల ఎల్ఈడీ వెలుతురులో 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలం ఎగసి, 480 చుట్టుపక్కల పల్లం ఉంటుంది. నీలి ఆకుపచ్చ ఛాయలు ఆ పల్లంలోనే పడిపోతాయి. జేడైట్ ఆకుపచ్చ బూడిదబారవచ్చు. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ సూచిక 95కు తగ్గని లైటు తీసుకోండి, గదిలో ట్యూబులైట్లు ఆర్పేయండి, కిటికీకి తెర వేయండి. మొదటి ఫ్రేము ఎప్పుడూ 24 గళ్ల కలర్ చార్టుతో, వస్తువు ఉన్న చోటే పెట్టి. కెమెరా మార్పులు చేయకుండా దాచే రా ఫార్మాట్‌లో తీయాలి. ఏది తెలుపో కెమెరాయే నిర్ణయించే ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే మేలిరకం తెల్ల నెఫ్రైట్‌లో ఉండే ఆ లేత వెచ్చదనాన్ని తప్పు అనుకుని కెమెరా తుడిచేస్తుంది. ఆ ఛాయ మీదే రాయి విలువ ఆధారపడి ఉంటుంది.

బ్యాక్‌గ్రౌండ్‌కు మధ్యరకం బూడిదరంగు కాగితమో, మెరుపులేని పీవీసీ షీటో వాడండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల జేడ్ మురికిగా కనిపిస్తుంది. పాలకూర రంగు ముదురు నెఫ్రైట్‌కు లేత బూడిద కావాలి, లేకపోతే నల్లరాయి అనుకుంటారు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు గుడ్డలు అసలే వద్దు, ఆ రంగు రాయిలోకి దిగుతుంది. నల్ల వెల్వెట్ మీద ప్రతి నూలుపోగూ మాక్రోలో తాడులా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ విషయానికొస్తే, తెల్ల జేడ్ శరీరం 0–255 కొలతలో 200 నుంచి 220 మధ్య ఉండాలి, మెరుపు ఒక్కటే 245 దాకా పోవచ్చు. కెమెరా మీటరు మాట వింటే అది తెలుపును బూడిద చేస్తుంది. ఫ్రేములో ఎక్కువ భాగం జేడే ఉంటే దాదాపు ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు అయ్యేంత, పెంచాల్సి వస్తుంది.

క్రాస్ పోలరైజేషన్ గురించి చాలామంది అడుగుతారు. లైటు మీద ఒక పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుతురునే పంపే ఫిల్టరు), లెన్సు మీద దానికి అడ్డంగా ఇంకోటి పెడితే పైపొర మెరుపంతా పోయి రంగు, పగుళ్లు, మచ్చలు శుభ్రంగా కనిపిస్తాయి. రికార్డు కోసం ఒక ఫ్రేము అలా తీసుకోండి. ముఖ్య ఫోటోగా మాత్రం పెట్టకండి, అందులో జేడ్ జేడ్‌లా ఉండదు. లోహపు నగలో మెరుపు ఇలా పూర్తిగా పోదు కూడా.

ఇప్పుడు రెండో లైటు, వెనక నుంచి. ఇక్కడ నిజాయితీ కావాలి. బలమైన టార్చి కింద నుంచి వేస్తే చాలా రకాల జేడ్ దేదీప్యంగా వెలుగుతుంది, లేత ఆకుపచ్చ నిండు ఆకుపచ్చ అవుతుంది. అమ్మకాల ఫోటోల్లో కనిపించే చాలా వెలుగు ఇలాంటిదే. వెనక లైటు ఫ్రేము తప్పకుండా తీయండి, కానీ దాని పక్కనే మామూలు ఫ్రేము ఉండాలి, కింద శీర్షికలో లైటు ఎటు నుంచి వచ్చిందో రాయాలి. దాన్ని ఒక్కదాన్నే చూపడం కొనేవాళ్లను మోసం చేయడమే.

తీసే పద్ధతి ఇది. పాల అక్రిలిక్ షీటు కింద ఎల్ఈడీ పెట్టండి. షీటు మీద నల్ల అట్ట. అట్టలో వస్తువు ఆకారం కన్నా 2, 3 మిల్లీమీటర్లు లోపలికి ఉండేలా రంధ్రం కోయండి. వస్తువు ఆ రంధ్రాన్ని పూర్తిగా మూసేయాలి. చుట్టూ ఒక్క సందు ఉన్నా అక్కడి నుంచి తెల్లటి వెలుగు లెన్సులోకి కొట్టి బొమ్మంతా పాలిపోతుంది. చేతి గాజుల విషయంలో ఆ రంధ్రాన్ని ఉంగరం ఆకారంలో కోయాల్సి ఉంటుంది. ఈ ఫ్రేములో మీరు వెతికేది పగుళ్లు. రాయి పుట్టుకతో వచ్చిన చార మసకగా, మబ్బుగా ఉంటుంది. పగులు పదునుగా, వెలుగును హఠాత్తుగా ఆపినట్టు ఉంటుంది. తేడా తేలకపోతే అదే చోటును పైపొర లైటులో తీయండి. మెరుపు పట్టీ అక్కడ తెగితే అది పైకి వచ్చిన పగులు.

నశ్యం సీసాలకు ఈ లైటు బంగారం లాంటిది. లోపల ఎంత చక్కగా తొలిచారో, గోడ ఎక్కడ పల్చగా ఎక్కడ మందంగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. జేడ్‌ను పోలిన చైనా గాజు సీసా అయితే గుండ్రటి గాలిబుడగలు బయటపడతాయి. రంగు ఎక్కించిన జేడైట్‌లో ఆకుపచ్చ పగుళ్ల వెంట పేరుకుని సాలెగూడులా కనిపిస్తుంది. ఆమ్లంలో ఉడికించి పాలిమర్ ఎక్కించిన రాయి 365 నానోమీటర్ల అతినీల కిరణాల కింద తరచు నీలితెలుపుగా వెలుగుతుంది. దాన్ని తీయాలంటే గది చీకటిగా ఉండాలి, కనిపించే కాంతిని ఆపే ఫిల్టరున్న టార్చి కావాలి, లెన్సు మీద యూవీని ఆపే ఫిల్టరు, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్. యూవీని ఆపే కళ్లద్దాలు మరవకండి. వెలగకపోతే మాత్రం రాయి అసలైనదని ఈ ఒక్క ఫోటోతో తీర్పు చెప్పకూడదు.

జేడ్‌ను ఉలితో చెక్కరు, గట్టి ఇసుకతో సానపడతారు. అందుకే పనిముట్ల ఆనవాళ్లు తీయడం తప్పనిసరి. అక్కడ మాత్రం 10, 15 డిగ్రీల ఏటవాలు చిన్న లైటే మంచిది, లోతైన గాట్లు కాబట్టి. చైనా నవీన శిలాయుగంలోని లియాంగ్‌చూ సంస్కృతి కాలపు వస్తువుల మీద, అంటే క్రీ.పూ. 3300–2300 ప్రాంతపువి, దారంతో ఇసుక రుద్ది కోసినప్పుడు మిగిలిన వంపు గీతలు ఈ లైటులోనే తేలతాయి. పూసలకు రెండు వైపుల నుంచీ తొలిచి మధ్యలో కలిపిన రంధ్రం ఉంటే, సన్నటి టార్చి లోపలికి వేసి ఆ కలిసిన మెట్టును తీయండి.

నగల్లో అన్నిటికన్నా కష్టమైనది లకుముకి పిట్ట ఈకల పని. బంగారు పూత పూసిన వెండి లేదా రాగి మీద సన్నటి తీగతో అంచులు కట్టి, మధ్యలో ఈకను కత్తిరించి అతికించేవారు. కొప్పుసూదులు, కిరీటాలు, చెవి ఆభరణాల మీద కనిపించే ఆ మయూరకంఠం నీలం అదే. అది వర్ణద్రవ్యం ఇచ్చిన రంగు కాదు, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చేది. అందుకని ఈక నారల దిక్కును బట్టి, లైటు కోణాన్ని బట్టి ఆ నీలం వెలుగుతుంది, నల్లబడుతుంది. ఒకే కొప్పుసూదిలో పక్కపక్క రేకుల్లో ఒకటి మెరిసి ఇంకోటి చచ్చిపోయినట్టు ఉంటే, ఈక పాడైందని తొందరపడి రాయకండి. లైటును 30 డిగ్రీల చొప్పున చుట్టూ తిప్పి మూడు నాలుగు ఫ్రేములు తీయండి. అన్నింటిలోనూ నల్లగానే ఉన్న చోటే నిజంగా ఈక పోయిన చోటు.

ఇక్కడ రెండు గొడవలు ఒకేసారి వస్తాయి. బంగారు పూత అంచు తెల్లగా మండిపోతుంది, ఈక ముదురుగా మిగులుతుంది. పై నుంచి పెద్ద ట్రేసింగ్ షీటు లోహాన్ని నెమ్మదింపజేస్తుంది, పక్క నుంచి చిన్న లైటు ఈకను లేపుతుంది. చిన్నదాన్ని పెద్దదాని కన్నా ఒక స్టాప్ తక్కువలో పెట్టి మొదలుపెట్టండి. ఫోటోలోని వెలుతురు విలువలను గీతగా చూపే హిస్టోగ్రాములో మూడు రంగుల గీతలను విడివిడిగా చూడండి. మొత్తం గీత బాగున్నా నీలం గీత కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది, అక్కడ నార వివరమంతా పోతుంది. వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పరిధి ఎస్ఆర్‌జీబీ, అందులో ఈ నీలం పట్టదు. అంతకన్నా విశాలమైన అడోబీ ఆర్‌జీబీలోనో ప్రోఫోటోలోనో ఎడిట్ చేసి, వెబ్‌కు మార్చేటప్పుడు నీలం నిండుదనాన్ని చేత్తో తగ్గించండి.

ఈక దగ్గర చేతులు అదుపులో ఉండాలి. నీళ్లు, గుడ్డ, గాలి డబ్బా, అల్ట్రాసోనిక్ యంత్రం ఏదీ తగలకూడదు. దుమ్ముంటే ఉండనివ్వండి. హాలొజెన్ లైటు వేడికి జిగురు వదులుతుంది, కాబట్టి ఎల్ఈడీయే, అదీ ఫ్రేము కట్టేటప్పుడు మసకగా, తీసేటప్పుడే పూర్తిగా. ముత్యాలు, పగడం, అంబరు ఉన్న నగలకూ ఇదే జాగ్రత్త. నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి, నూలువి జారతాయి, తీగల కొసలకు తగులుకుంటాయి. నిలబెట్టడానికి వాడే మైనపు ముద్దను ఈకకు, ముత్యానికి, దారానికి, మట్టిలోంచి తీసిన పాత నెఫ్రైట్‌కు అంటించకూడదు, జిడ్డు పీల్చుకుంటాయి. బల్ల మీద మెత్తటి ఫోము పరవకుండా జేడ్ గాజును చేత్తో పట్టుకోవద్దు.

వెండి నగల వెనక ముద్రలు తప్పక తీయండి. అమెరికాకు వెళ్లిన వాటి మీద చైనా అని ఆంగ్లంలో ముద్ర ఉంటే, దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలన్న 1890 నాటి మెకిన్లీ సుంకం చట్టం అందుకు ఆధారం. అది కాలం కట్టడానికి ఒక సూచన. ముద్రకు ఒకే చిన్న లైటు, ఎడమ పై మూల నుంచి, 20 డిగ్రీల వాలులో. కింద నుంచి వేస్తే లోపలికి గుద్దిన అక్షరం పైకి ఉబ్బినట్టు కనిపిస్తుంది. తీశాక ఫోటోను 180 డిగ్రీలు తిప్పినా అదే భ్రమ. అక్షరాలు తలకిందులుగా ఉంటే నగనే తిప్పి మళ్లీ తీయండి.

ఛింగ్ దర్బారు మాలలు తీసేటప్పుడు లెక్క కనిపించాలి. 108 పూసలు, వాటిని 27 చొప్పున విడదీసే నాలుగు పెద్ద పూసలు, పది పూసల చిన్న పేటలు మూడు, వీపు మీద వేలాడే పతకం. పై నుంచి నిలువుగా తీస్తూ, ఏదీ ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. పాత దారం బరువు ఆపలేదు, మెడ బొమ్మకు వేలాడదీయకండి. పేటలు ఏ వైపు ఉన్నాయో మార్చకుండా తీయాలి, రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు ఉంటాయి.

ఫోనుతో తీసేవాళ్లకు: 2, 3 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లే మాక్రో మోడ్ వద్దు, ఫోను నీడే పడుతుంది, ఆకారం కూడా ఉబ్బుతుంది. రెండు రెట్లో మూడు రెట్లో ఉన్న టెలీ లెన్సుతో అడుగు దూరం నుంచి తీసి కత్తిరించుకోండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేయండి. దృశ్యాన్ని గుర్తుపట్టి రంగులు పెంచే సెట్టింగులన్నీ ఆపేయండి, అవి ఆకుపచ్చను చూడగానే చెట్టు అనుకుని గాఢం చేస్తాయి.

చివరగా బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం. కేటలాగు కోసం వస్తువును కత్తిరించి తెలుపు మీద పెట్టమని అడుగుతారు. జేడ్‌తో అది కుదరదు. పల్చటి అంచుల్లోకి బ్యాక్‌గ్రౌండ్ రంగు ఇప్పటికే దిగి ఉంటుంది, కత్తిరించాక బూడిద అంచు మిగులుతుంది. దాన్ని చెరిపితే రాయి ఆకారమే మారుతుంది. ఏ రంగు మీద అచ్చు వేయాలో ముందే అడిగి, ఆ రంగు మీదే తీయండి. తెలుపే కావాలంటే వస్తువును గాజుపలక మీద పెట్టి, 30 సెంటీమీటర్ల కింద తెల్లకాగితం పరిచి, దానికి విడిగా లైటు వేయండి. కాగితం విలువ 245 దాటకుండా చూసుకుంటే ఆ తెలుపు అంచుల్లోకి పొంగదు.